సున్నా దగ్గర నిద్రపోయే పెట్టె

ఊరికే వెలుగుతున్న లైటును చూస్తే సువర్ణరాజు బాబాయికి ప్రాణం ఒప్పదు. ఆగిరిపల్లిలో ఆయనది రేడియోలు, స్టెబిలైజర్లు బాగుచేసే షాపు. టీవీ చూడటం అయ్యాక రిమోట్‌లోంచి బ్యాటరీలు తీసి దాస్తాడు. "నేను కాసేపు ఊరికే కూర్చున్నా నా స్విచ్ కూడా తీసేస్తాడే ఈయన" అని నవ్వేది ఇన్నమ్మ పిన్ని.

పదో తరగతి మధ్యలో అమ్మ పోయింది. బడి మానేసి వాళ్లింటికి వచ్చాను. పిన్నితో పాటు మామిడి షెడ్డు పనికి వెళ్లేదాన్ని. పిన్ని, మరో నలుగురు ఆడవాళ్లు కాయలు మాగబెట్టే గదిలోకి వెళ్లి ట్రేలు పేర్చేవాళ్లు. నేను బయట, తలుపుకి ఎదురుగా కూర్చుని కాయలు తుడిచి, పక్క కిటికీలోంచి ట్రేలు అందించేదాన్ని.

ఆ గది తలుపు మూసి గ్యాస్ వదిలాక లోపల ఎవరూ ఉండకూడదు. కాయలు కూడా ఊపిరి తీస్తాయని, లోపలి గాలి చెడిపోతుందని బాబాయి చెప్పేవాడు. గోడలు మందం, ఫ్యాన్ల హోరు. అరిచినా బయటికి వినపడదు. కిందటేడు ఒకతను అరగంట లోపల ఉండిపోయి చావుతప్పి బయటపడ్డాడు. అప్పటి నుంచి బాబాయికి పిన్ని గురించి బెంగ. ఆ బెంగతోనే లెక్కపెట్టే పెట్టె తయారుచేశాడు. తలుపు దగ్గర కంటికి కనపడని వెలుగు గీత ఉంటుంది. మనిషి లోపలికి వెళ్తే అంకె ఒకటి పెరుగుతుంది, బయటికి వస్తే తగ్గుతుంది. సున్నా వచ్చాకే తలుపు మూయాలి.

షెడ్డులో కరెంటు నిలకడగా ఉండదు కాబట్టి పెట్టె బ్యాటరీ మీద నడవాలి. మొదటి బ్యాటరీ నాలుగు రోజులకే అయిపోయింది. "ఏంటయ్యా రాజూ, ఇది నా కంటే ఎక్కువ తింటోంది" అన్నారు షెడ్డు యజమాని సీతారామాంజనేయులుగారు.

ఆ మాట బాబాయికి గుచ్చుకుంది. నెల రోజులు పెట్టె విప్పుతూ బిగిస్తూనే ఉన్నాడు.

"షాలోమీ, ఇటు రా. దీని లోపల సెకనుకు వేలసార్లు నాడి కొట్టుకుంటుంది. ఎవరూ రాకపోయినా అన్ని అంకెలూ ఆ దెబ్బకి ఉలిక్కిపడతాయి. తొమ్మిది దాటితే గానీ పదుల అంకెకి పని లేదు కదా, దాన్నెందుకు లేపాలి?" అన్నాడు నాతో.

పనిలేని అంకెకి నాడి ఆపేశాడు. అక్కడితో తృప్తి పడలేదు. సున్నా చూపిస్తూ ఐదు నిమిషాలు ఎవరూ రాకపోతే మొత్తం పెట్టే నిద్రపోయేలా చేశాడు. ఎవరైనా తలుపు దాటితే లేస్తుంది. సున్నా కంటే కిందికి మాత్రం పోదు. షాపులో వందసార్లు చెయ్యి ఊపి చూశాడు. వందసార్లూ సరిగ్గా చెప్పింది.

ఈసారి బ్యాటరీ మూడు నాలుగు సీజన్లు వచ్చేలా ఉంది. ఆంజనేయులుగారు భుజం తట్టారు. మరో నాలుగు షెడ్లవాళ్లు తలా ఒకటి చేయించుకున్నారు.

మా షెడ్డులో ఒక ఆనవాయితీ ఉంది. రోజూ మొదటి ట్రే పిన్నే పెట్టాలి. ఆమె చెయ్యి పడితే కాయ సమంగా పండుతుందని యజమానికి నమ్మకం. అందుకని అందరికంటే ముందు పిన్నే లోపలికి వెళ్లేది. అన్నిటికంటే వెనక వరస ఆమెదే, కాబట్టి బయటికి వచ్చేది కూడా ఆఖరునే.

ఒకరోజు గమనించాను, పిన్ని లోపలికి అడుగుపెట్టగానే పెట్టె వెలిగింది. సున్నా అలాగే ఉంది. మిగతా నలుగురూ వెళ్లాక నాలుగు చూపించింది. మర్నాడూ నాలుగే.

ఆ సాయంత్రం ధైర్యం చేసి చెప్పాను. "బాబాయ్, ఐదుగురు వెళ్తే నాలుగే చూపిస్తోంది."

"ఆఖర్న సున్నా వచ్చిందా?"

"వచ్చింది."

"మరింకేంటి? తప్పు లెక్కయితే సున్నా ఎలా వస్తుందే? నువ్వే ఒకరిని రెండుసార్లు లెక్కపెట్టుంటావు."

చదువు మధ్యలో మానేసినదాన్ని, నాదే తప్పనుకున్నాను. మర్నాటి నుంచి ఆ నాలుగుని చూసీ చూడనట్టు కాయలు తుడుస్తూ కూర్చునేదాన్ని.

మే నెలలో ఒక మధ్యాహ్నం గాలివాన వచ్చింది. రేకులు లేచిపోతున్నాయి. ఆడవాళ్లు పరుగున బయటికి వచ్చి, చెప్పులు దొరకబుచ్చుకుని ఆటో ఎక్కారు. నేను కాయల మీద పట్టాలు కప్పడానికి వెనక్కి వెళ్లాను. ఆంజనేయులుగారు పెట్టె వైపు చూశారు. సున్నా. కిటికీ, తలుపు మూసి, గడియలు వేసి, గ్యాస్ తిప్పారు.

వాన గంటకి పైగా పడింది. తగ్గాక పిన్నిని తీసుకెళ్లడానికి బాబాయి బండి మీద వచ్చాడు.

"మీ ఆవిడ ఆటోలో వెళ్లిపోయుంటుందయ్యా" అన్నారు ఆంజనేయులుగారు. "నీ పెట్టె మాత్రం ఇంత గాలివానలోనూ చెక్కు చెదరలేదు. సున్నా చూశాకే తలుపు మూశాను."

బాబాయి మురిసిపోతూ పెట్టె మీది తడి తుడిచాడు.

అప్పుడే మెట్టు కింద నాకు చెప్పులు కనపడ్డాయి. ఒకదానికి తెగిన పట్టీ, రాగి తీగతో కట్టి ఉంది. కట్టింది బాబాయే.

ఆ చెప్పులు తీసుకెళ్లి బాబాయి చేతిలో పెట్టాను.

ఆయన తీగను చూశాడు. పెట్టెను చూశాడు. గడియ మీద పడ్డాడు.

పిన్ని తలుపుకి రెండడుగుల దూరంలో పడి ఉంది. గోళ్ల కింద నెత్తురు. బయటికి మోసుకొచ్చి గాలి విసురుతూ ఉంటే చాలాసేపటికి కళ్లు తెరిచింది. బతికింది. కానీ ఈనాటికీ మాట మధ్యలో ఆగిపోతుంది, ఏం చెబుతోందో మరిచిపోతుంది.

ఆ రాత్రి బాబాయి పెట్టెను విప్పలేదు. ముందు పెట్టుకుని ఐదు నిమిషాలు కదలకుండా కూర్చున్నాడు. అది నిద్రపోయింది. చెయ్యి అడ్డం పెట్టాడు. వెలిగింది. సున్నా. మొదట లేపినవాళ్లని అది లెక్కపెట్టదు. షాపులో ఆయన చెయ్యి ఊపినప్పుడల్లా అది మేలుకునే ఉంది. రోజూ నలుగురూ వచ్చేసి సున్నా అయ్యాక పిన్ని బయటికి వచ్చినా అంకె సున్నా కిందికి పోలేదు కాబట్టి ఎవరికీ తెలియలేదు.

తెల్లవారగానే మిగతా షెడ్లకి బయల్దేరాడు. నేనూ వెనక కూర్చున్నాను. ముసునూరులో రెండు, మైలవరంలో ఒకటి దొరికాయి. నాలుగో షెడ్డాయన కాపు అయిపోయిందని సామానంతా అమ్మేసి వెళ్లిపోయాడు. కొన్నదెవరో అక్కడ ఎవరికీ తెలియదు.

బాబాయి ఇప్పటికీ వెతుకుతూనే ఉన్నాడు. ఏ ఊళ్లో కొత్త షెడ్డు కనపడినా బండి ఆపి, ముందు తలుపు వైపు చూస్తాడు. ఈపాటికి బ్యాటరీ అయిపోయి ఉంటుంది కదా అన్నాను ఒకసారి.

"అవదు. ఇంకో రెండు సీజన్లు వస్తుంది" అన్నాడు.