గిర్ని చాచా అడగాలనుకున్న మాట

పోయిన వారం ఒకరోజు పొద్దున్నే మా తమ్ముడు కోస్గి నుంచి ఫోన్ చేసి, "అక్కా, గిర్ని చాచా లేడే" అన్నాడు. "నీ నోట్ల మన్నువడ, ఏం మాటలురా అవి!" అని కసిరాను. చాయ్ తాగుతూ కూర్చున్నచోటే ఒరిగిపోయాడట. ముందురోజే పాలమూరులో నా కంప్యూటర్ సెంటర్‌కు వచ్చి నవ్వి పోయిన మనిషి! నాకు ఇప్పటికీ నమ్మబుద్ధి కావడం లేదు.

కోస్గిలో మా ఇంటికీ చాచా పిండి గిర్నికీ ఒకటే గోడ. ఆ మోటారు చప్పుడులోనే మేం చదువుకున్నాం. కరెంటు రేటు పెరిగినప్పుడల్లా పిండి పట్టే రేటూ పెరిగేది. జొన్నలు తెచ్చిన ఆడవాళ్లు చాచానే తిట్టేవారు. "పెంచినోడు కండ్లకు కానరాడు, గల్లా ముంగట కూసున్నోడు కానొస్తడు" అని నవ్వేవాడు. "చెప్పి పెంచితే బాధ, చెప్పక పెంచితే దోపిడి" అన్నదీ ఆయనే. ఎందుకు పెంచారో చూద్దామని ఒకసారి కరెంటాఫీసుకు పోతే, "ఆ కాయితాలు నీకెందుకయ్యా?" అని పంపేశారట. అది మాత్రం నవ్వుతూ చెప్పలేదు.

ఈసారి కొత్త కరెంటు రేట్ల ప్రతిపాదనలు ఇంటర్నెట్‌లో పెట్టారనీ, అభ్యంతరాలుంటే విచారణకు వచ్చి చెప్పొచ్చనీ పేపర్లో పడింది. చాచా వెంటనే బస్సెక్కి వచ్చాడు. తెర మీద పేజీ జానెడు జానెడు దిగుతుంటే నా కుర్చీ వెనక ఊపిరి బిగబట్టి నిలబడ్డాడు. చిన్న గిర్నీలను ఫ్యాక్టరీల రేటులో కలపాలని ఉంది అందులో. అదే జరిగితే ఆయన గిర్ని మూసుకోవలసిందే. చదివి వినిపిస్తే కోపమొస్తుందనుకున్నాను. "యా అల్లా! గిదంత గిట్ల బైట వెట్టిండ్రా? ఎవరన్న సూడొచ్చునా?" అని నోరెళ్లబెట్టాడు.

రెండు రోజులకు మళ్లీ ప్రత్యక్షం. "ఉన్నదా బేటీ? ఎవడన్న చింపేయలే గద?" గోడకు అంటించిన నోటీసు లాంటిదే అనుకున్నాడు పాపం! "కంప్యూటర్లది ఎవరు చింపుతరు చాచా!" అంటే వింటేనా! పాలమూరు వచ్చినప్పుడల్లా చూసి, నిమ్మళంగా పోయేవాడు. చివరిసారి కూడా అందుకే వచ్చాడు; విచారణలో మాట్లాడేవాళ్లలో తన పేరు నాతో రాయించాడు. "ఇచారణకు నేనే పోత. నిలవడి అడుగుత. కాళ్లు వణికితే వణకనీ" అన్నాడు. తెల్లారేసరికి లేడు. ఇదెక్కడి న్యాయమో నాకు తెలియదు.

నిన్న పాలమూరులోనే విచారణ. భర్త పోయాక కొన్ని నెలలు చాచి ఇల్లు కదలరాదు గనక నేను వెళ్లాను. ఆయన పేరు పిలిచారు. మళ్లీ పిలిచారు. నేను లేవబోయాను.

వెనక వరుసలోంచి ఒకామె లేచింది. చూస్తే మా గల్లీ మనిషే. పక్కన ఇంకో నలుగురు ఆడవాళ్లు. ఎప్పుడు బస్సెక్కారో నాకు తెలియనే తెలియదు.

"ఆయన సచ్చిపోయిండు సారూ. ఇన్నేండ్లు ఆయనను తిట్టినోళ్లం మేమున్నం. ఎవర్ని అడగాల్నో గిప్పుడు ఎర్కైంది, అందుకే వచ్చినం."

మైకు ఇవ్వబోతే వద్దంది. కొంగు నడుముకు చెక్కుకుంది. పక్కన మిగతా నలుగురూ ఒక్కొక్కరే లేచి నిలబడ్డారు.