అత్తగారి చిప్ప

అత్తగారు పోయాక పెద్దకోడలికి గాజులొచ్చాయి, చిన్నకోడలికి బాతులూ కోళ్ళూ వచ్చాయి. ఎవరూ కూర్చుని పంచింది లేదు. గాజులు పెద్దావిడ చేతికి పట్టాయి, పెరడు చిన్నావిడ వంటగదికి ఆనుకుని ఉంది, అంతే. కోళ్ళగూటి పక్కన గోడవారగా అంచు విరిగిన మట్టిచిప్ప ఒకటి ఉండేది. దాన్ని చూసి పెద్దకోడలు, "నాకు గాజులు, నీ చేతికి చిప్ప. అత్తయ్య లెక్క ఎప్పుడూ తప్పలేదు" అంది. ఆ ఇంట్లో చాలా రోజులకు వినబడ్డ నవ్వు అదే. చిన్నకోడలికీ నవ్వొచ్చింది, దాని వెనకే ఏడుపూ వచ్చింది.

అత్తగారు ఆ చిప్పలో ఆల్చిప్పలు దంచిన పలుకులు పోసేది. గుడ్లు పెట్టే పెట్టలకు ఒంట్లో సున్నం చాలకపోతే పెంకు గట్టిపడదు. దాన్నే దాణా కొట్టతను కాల్షియం అంటాడు. చిన్నకోడలికి తెలిసింది అంతవరకే. ఏ వేళకు పోసేదో, ఎంత పోసేదో అడగాలని ఎప్పుడూ తోచలేదు. రోజూ పొద్దువాలాక ఆవిడ పెరట్లోకి వెళ్తుంటే, నాతో మాట్లాడలేక వెళ్తోందిలే అనుకునేది.

అలా అనుకోవడానికి కారణం లేకపోలేదు. అత్తగారు కొసరి వడ్డించే మనిషి కాదు. గిన్నె బల్ల మధ్యన పెట్టి తన పని మీద తను పోయేది. చిన్నకోడలి పుట్టింట్లో వద్దన్నకొద్దీ వేసేవాళ్ళు. కాపురానికి వచ్చిన కొత్తలో, ఇంకాస్త వేసుకోమ్మా అంటుందేమోనని కాచుకుని కాచుకుని సగం కడుపుతో లేచేది. తనంటే ఆవిడకు గిట్టదని చాలా ఏళ్ళు మనసులో పెట్టుకుంది. ఇప్పుడేమో ఆవిడ కూర్చునే పీట కూడా కదపబుద్ధి కావడం లేదు.

ఇల్లంతా దుఃఖంలో ఉన్న రోజుల్లో చిప్ప సంగతి ఎవరికీ పట్టలేదు. బాతులు ముందు తోలుగుడ్లు పెట్టాయి, పట్టుకుంటే వేలికి మెత్తగా నొక్కుకుపోయేవి. తర్వాత కోళ్ళూ అదే దారి పట్టాయి. గుడ్లు కొనే బేకరీ ఆయన, సగం బండిలోనే పగిలాయని గుడ్ల అట్టలు తిప్పి పంపేశాడు. ఇలాగే అయితే ఇంకోచోట చూసుకుంటానని కబురు కూడా పెట్టాడు.

బాతుల్నీ కోళ్ళనీ అమ్మేద్దామని పెద్దకోడలు మాంసం కొట్టతనితో మాట్లాడి వచ్చింది. ఏమాటకామాట, ఆవిడ చెడ్డది కాదు. ఏడుస్తూ చాకిరీ చేసే మనిషిని చూడలేక చేసిన పని అది. చిన్నకోడలు మాత్రం ఒప్పుకోలేదు. పొద్దున్నే ఆ కువకువలు వినబడకపోతే తను మంచం మీంచి లేవలేనని తనకు తెలుసు. ఆ మాట పైకి చెప్పలేక, "బాగుచేస్తానక్కా, కాస్త ఆగు" అని మాత్రం అంది.

దాణా కొట్టుకు వెళ్ళి కాల్షియం పొడి తెచ్చింది. చిటికెడు చాలని అతను చెప్పాడు. చిటికెడేమిటి, పాపం ఇన్నాళ్ళూ పస్తుపెట్టానే అని దోసిళ్ళతో దాణాలో కలిపేసింది. పెట్టలకూ అదే, పుంజుకూ అదే, ఎదిగే పిల్లలకూ అదే. బాతులు మూతి పెట్టి, తల విదిలించుకుని వెళ్ళిపోయాయి. కోళ్ళు గింజలు ఏరుకుని పొడి వదిలేశాయి. తిండి తగ్గి గుడ్లూ తగ్గాయి. వచ్చినవాటి మీద చెమటకాయల్లాంటి గరుకు పొక్కులు.

పెద్దకోడలు దాణాతొట్టి చూసి, "ఇది దాణానా, గోడలకు వేసే సున్నమా?" అంది. తొట్టి దగ్గర దిగులుగా నిలబడ్డ మగబాతును చూపించి, "దానికి కూడా పెట్టు, రేపు గుడ్డు పెడుతుందేమో" అని వెళ్ళిపోయింది.

చిన్నకోడలికి ఒళ్ళు మండింది. కాసేపయ్యాక మాట తలకెక్కింది. నిజమే, దానికెందుకు?

పొద్దువాలింది. గూడు మూద్దామని వెళ్తే, నాలుగైదు పెట్టలూ ఒక కుంటిబాతూ గోడవార చేరి ఉన్నాయి. ఖాళీ చిప్పను ముక్కులతో టక్కుటక్కుమని కొడుతున్నాయి. పుంజు అక్కడ లేదు. పిల్లలూ లేవు. గూటిపైన డబ్బాలో అత్తగారు దంచిపెట్టిన పలుకులు అడుగున మిగిలి ఉంటే చిప్పలో పోసి, తినండి తినండి అని అక్కడే కూర్చుంది. అవి బెదిరి దూరం జరిగాయి. లేచి వాకిలిదాకా వెనక్కి నడిస్తే వచ్చాయి. ఒక పెట్ట రెండు ముక్కలు ఏరుకుని పోయింది. ఎర్రపెట్ట చాలాసేపు తింది. కుంటిబాతు ఒక ముక్క, ఒక గుక్క నీళ్ళు, మళ్ళీ ఒక ముక్క. ఎవరికెంత కావాలో వాటికే తెలిసినట్టుంది.

రాత్రిపూట కడుపులో పెంకు కడుతుందని, అందుకే ఆ వేళకు వెతుక్కుంటాయని దాణా కొట్టతను తర్వాత చెప్పాడు. చిన్నకోడలు పొడి మానేసింది. ఆల్చిప్పలు తెచ్చి దంచింది. సాయంత్రం చిప్ప నింపడం, వచ్చేయడం.

వెంటనే ఏమీ బాగుపడలేదు. మెల్లగా తోలుగుడ్లు ఆగాయి, పొక్కులు పోయాయి. ఆ వారం బేకరీ నుంచి అట్టలు ఖాళీగా తిరిగొచ్చాయి, ఫిర్యాదు రాలేదు. పెద్దకోడలు వచ్చి బుట్టలోంచి ఒక బాతుగుడ్డు తీసి గాజుకేసి తట్టింది. ఠంగుమంది. ఇంకొకటి తీసి తట్టింది.

"ఆ మాంసం కొట్టతన్ని రావద్దని చెప్తాలే" అంది.

చిన్నకోడలు కూరగిన్నె తెచ్చి బల్ల మధ్యన పెట్టింది.

"వడ్డించవా?"

"అక్కడే ఉందిగా అక్కా, కావలసినంత వేసుకో" అంటూ పలుకుల డబ్బా పట్టుకుని పెరట్లోకి వెళ్ళింది. పొద్దువాలుతోంది.

పెద్దకోడలు గొణుక్కుంటూనే రెండుసార్లు వేసుకుంది.