కింద పడ్డ గింజలు

క్లాసు అయిపోయాక అందరి కుర్చీలూ బల్లల కిందికి నెట్టి గానీ ఆ మేడమ్ బయటికి కదిలేవారు కాదు. ఆత్మకూర్ (ఎస్) వైపు ఒక బడిలో సోషల్ టీచర్, రిటైర్మెంటుకు దగ్గరపడ్డ మనిషి. సూర్యాపేటలో ఆమెలాంటి టీచర్లకు, తెర మీద ఆదేశాల బ్లాకులు పేర్చి కంప్యూటర్ ఆటలు చేయడం నేర్పింది నేను.

ఆమె ఆటలో ఒక పిల్ల పొలం గట్ల మీద గెంతుతూ, పైనుంచి రాలే వడ్లగింజలు పట్టుకోవాలి.

"మొదలు మంచిగనే ఉరుకుతది సార్, పోను పోను బరువైతది. పట్టుకోని గింజలు కింద పడి ఏడికి పోతున్నయి?" అని అడిగారు.

"కనిపించవు కదా మేడమ్, లేనట్టే. ఆట కాదు, మీ చెయ్యే స్లో," అన్నాను. గది గదంతా నవ్వింది.

మర్నాడు ఆమె నా చేతిలో ఒక కాగితం పెట్టారు. అందులో ఇలా రాసి ఉంది: తెర దాటిన గింజ కనిపించదు గానీ పోదు. అలాంటివి లోపల పేరుకుపోయి ఆట మందగిస్తోంది. తెర దాటగానే గింజను తీసేసే బ్లాకు పెట్టాలి. చూసుకుంటే, నేను అందరికీ ఇచ్చిన నమూనాలోనే ఆ బ్లాకు లేదు. తప్పు అందరి ఆటల్లోనూ ఉంది, చివరిదాకా ఆడి చూసింది ఆమె ఒక్కరే.

"అందరికీ మీరే చెప్పుండ్రి సార్," అన్నారు మెల్లగా.

చెప్పాను, నేనే కనిపెట్టినట్టు. అందరూ చప్పట్లు కొట్టారు. ఆమె కూడా కొట్టారు.

కుర్చీలు సర్ది వెళ్తూ, "మంచిగ చెప్పిండ్రు సార్," అన్నారు. ఆ మాటలో రవ్వంత ఎత్తిపొడుపు ఉన్నా తేలికపడేవాణ్ణి. వెతికాను. లేదు.