జైనబ్ ఖాలా చెప్పిన సినిమా

మొన్నటి వానకు వరండాలో పెట్టిన గోనెసంచి తడిసి ముద్దయింది. దులిపి దండెం మీద వేస్తుంటే ఆ తడి వాసన ముక్కుకు తగిలి నా చెయ్యి అక్కడే ఆగిపోయింది. నేనున్నది కరీంనగర్‌లో, కొడుకు కట్టుకున్న ఇంట్లో. వాసన మాత్రం బెల్లంపల్లి డేరా సినిమాలో ఆడవాళ్ళ వైపు పరిచే గోనెపట్టాలది. చలికాలం మంచుకు అవి తడిసి, ఎంత ఎండినా ఆ వాసన వదిలేది కాదు. ఆ పట్టాల మీద, అందరికన్నా కాస్త ముందుగా, తెరకు సగం వీపు పెట్టి మా వైపు తిరిగి కూర్చునే మనిషి జైనబ్ ఖాలా. ఆమెను మీరెవరూ చూడలేదు. చూసినవాళ్ళు కూడా ఇప్పుడు ఎక్కువమంది మిగలలేదు.

మా బాపు బొగ్గుబాయిలో పనిచేసేవాడు. కంపెనీ క్వార్టర్ల లైనులో మా పక్క ఇంట్లోనే ఆమె తన తమ్ముడి దగ్గర ఉండేది. ఖాలా అంటే పిన్ని; లైను పిల్లలందరికీ ఆమె ఖాలానే. రవికలు కుట్టేది. సన్నటి మనిషి, నవ్వితే చిగుళ్ళు కనిపించేవి. ఆమె భర్త యూసుఫ్ మా బాయిలోనే ఫిట్టరుగా పనిచేశాడట. పోలీసు చర్య జరిగిన ఏడాది హైదరాబాదుకు పోయి మరి తిరిగి రాలేదు. బతికున్నాడో లేదో తెలియదు. అప్పుడు నేను చిన్నదాన్ని. ఆయన ముఖం నాకు గుర్తు లేదు. లైనులో ఆ సంగతి ఎవరూ ఎత్తేవారు కాదు. ఆమె కాలీపోతు, అదే నల్లపూసల దండ, తీయలేదు. తీయమని ఎవరూ అనలేదు.

డేరాలోకి వచ్చేవి ఎక్కువగా హిందీ సినిమాలు. మగవాళ్ళకు బజారులో, బాయిలో తిరిగి తిరిగి ఆ భాష కొంత పట్టుబడింది. మా ఆడవాళ్ళంతా పల్లెల నుంచి మొగుళ్ళ వెంట వచ్చినవాళ్ళు. వాళ్ళకు ఒక్క ముక్క తెలిసేది కాదు. ఖాలా వాళ్ళకు మాటమాటా తెలుగులో చెప్పేది. ఉత్తగా చెప్పటం కాదు. అత్త మాట అత్త గొంతుతో, పిల్ల మాట పిల్ల గొంతుతో చెప్పేది. తెర మీద వాళ్ళ పెదవులు ఆగేసరికి ఆమె మాట కూడా ఆగేది. ఆమె రాని రోజు ఆడవాళ్ళ వైపు సగం ఖాళీగా ఉండేదని డేరావాళ్ళే ఒప్పుకునేవారు.

నాకు పద్నాలుగో పదిహేనో ఏడు నడుస్తుండగా ఒక సినిమా వచ్చింది. దాని పేరు ఇప్పుడు గుర్తుకు రావడం లేదు. కథ మాత్రం మరిచిపోలేదు. ఒక పాలవాడు. బొంగురు గొంతు. వాడు పాట ఎత్తుకుంటే బర్రెలు పాలు ఇవ్వకుండా ఎగజేపుకునేవి. వాడికేమో రేడియోలో పాడాలని కోరిక. ఊరంతా నవ్వుతుంది. ఎదురింటి పిల్ల ఒక్కతే నవ్వదు. వాడికి సరిగమలు నేర్పుతుంది. వాడు నేర్చుకోలేక ఆమెను సతాయించటం, ఆమె వాడి పాలచెంబు దాచటం, చూస్తూ మేమంతా కడుపులు పట్టుకుని నవ్వాము. చివరకు ఏదో తికమక జరిగి, పాడవలసినవాడు రాకపోవడంతో, వీడికి రేడియోలో పాడే భాగ్యం దక్కుతుంది. పాడి, బస్సెక్కి, ఊరికి వస్తాడు. ఆ పిల్ల గడపలో కూర్చుని ఉంటుంది. "ఇన్నవా?" అని తన పాట గురించి అడుగుతాడు. ఆమె ఏదో అంటుంది. వాడు కాసేపు అలాగే నిలబడి, తరువాత పాట ఎత్తుకుంటాడు. సినిమా అయిపోతుంది.

ఆ పిల్ల అన్న మాటను ఖాలా మాకు ఇట్లా చెప్పింది: "ఇన్న. మొత్తం ఇన్న. ఒక్క అక్షరం ఇడువలే."

మరునాడు పొద్దున లైను నీళ్ళ నల్లా దగ్గర బిందెల కంటే మాటలే ఎక్కువగా నిండాయి. సినిమా చూసిన మరునాడు ఎప్పుడూ అంతే. మా లైనులో పెద్ద గొంతు మల్లక్కది. ఆమె మొదలుపెట్టింది.

"పాలు పిండెటోడు పాటగాడైతడా? సినిమా తీసెటోళ్ళకు సిగ్గుండాలె."

"అయ్యిండు గదనే, నువ్వు చూడలేదా?" అంది మా అవ్వ, నన్ను కన్న తల్లి. "నాకైతే ఆ పిల్ల నచ్చలే. గంత చదువుకున్న పిల్ల గా బొంగురు గొంతోన్ని ఏం జూసి మెచ్చింది?"

"మన మొగోళ్ళను మనం ఏం జూసి మెచ్చినం?" అని ఎవరో అనగానే అందరూ నవ్వారు. బర్రె అందరికన్నా మంచిగా చేసిందని ఒకామె తీర్పు చెప్పింది. అసలు అంత మంచి పిల్ల లోకంలో ఉండదనీ, ఉంటే దానికి ఏదో రోగమై ఉంటుందనీ ఇంకొకామె అంది. ఇన్ని మాటల్లోనూ ఒక్క విషయం మీద మాత్రం అందరూ కలిశారు. చివర ఆ పిల్ల అన్న మాట బాగుందన్నారు. "ఒక్క అక్షరం ఇడువలే" అని మల్లక్క కూడా బిందె ఎత్తుకుంటూ మళ్ళీ అని చూసుకుంది. ఖాలా తన వంతు నీళ్ళు పట్టుకుని ఏమీ అనకుండా వెళ్ళిపోయింది. ఎప్పుడూ అందరి కంటే ఎక్కువ మాట్లాడే మనిషి ఆ రోజు మాట్లాడలేదని నేను గమనించాను గాని, ఎందుకో అడగలేదు.

ఆ వారంలోనే మల్లక్క మరిది రాజయ్య ఆసిఫాబాదు నుంచి వచ్చాడు. వెనకటి రోజుల్లో ఉర్దూ బడిలో చదువుకున్నవాడు. అతను కూడా సినిమా చూశాడు. నల్లా దగ్గర ఆడవాళ్ళు ఆ మాటను మెచ్చుకుంటుంటే విని ఆశ్చర్యపోయాడు.

"ఎవలు చెప్పిండ్రు మీకు? ఆ పిల్ల ఇన్ననన్లేదు. ఇనలేదన్నది. రేడియోల బేటరీ అయిపోయిందట. ఏం ఇనబడలే, ఇప్పుడు నా ముంగట పాడు అన్నది. అందుకే గద వాడు పాడింది!"

నీళ్ళు బిందె నిండి పొర్లిపోతున్నాయి. అప్పుడే ఖాలా తన బిందెతో వచ్చింది. మల్లక్క సూటిగా అడిగింది.

"జైనబీ, గా పిల్ల ఇనలేదన్నదట. నువ్వు ఇన్నదని చెప్తివి. మాకు అబద్ధమెందుకు చెప్పినవ్?"

ఖాలా బిందె కింద పెట్టింది. "తప్పైంది" అంది. అంతే.

"మరి ఇన్ని దినాలు చెప్పినయి? అవన్నీ గూడ గిట్లనేనా? మేం ఏడ్సినయి, నవ్వినయి, అన్ని నీ సొంతమేనా?" మల్లక్క గొంతులో కోపం కంటే అవమానం ఎక్కువగా ఉంది. వెనక నుంచి ఎవరో, "వాళ్ళ మాటలు వాళ్ళకే ఎరుక" అన్నారు. ఆ 'వాళ్ళ' అన్న మాట అంతకు ముందు మా నల్లా దగ్గర ఎన్నడూ వినలేదు. ఖాలా బిందె నింపుకోకుండానే తిరిగి వెళ్ళింది.

ఆ సాయంత్రం అవ్వ నన్ను రవిక గుడ్డ ఇచ్చి పంపింది. కుట్టించేది ఏమీ లేదు; చూసి రమ్మని. ఖాలా మిషను ముందు కూర్చుని ఉంది గాని కుట్టడం లేదు. నేను గుడ్డ పక్కన పెట్టి కూర్చున్నాను. ఆమే మొదలుపెట్టింది.

"మీ యూసుఫ్ చాచా పాడుతుండె, బిడ్డా. నీకు యాదికి లేదు. గొంతు మంచిగనే ఉండె, ఆ సినిమాల పాలోని తీరు గాదు. హైదరాబాద్ రేడియోల పాడాలె, పాడాలె అని ఒక్కటే పిచ్చి. బాయిల ఫిట్టరు రేడియోల పాడుడేంది అని మా తమ్ముడు, దోస్తులు అందరు నవ్విండ్రు. నేనూ నవ్విన. ఆఖరుకు ఎవలో పిలిచిండ్రని పోయిండు. జుమ్మా నాడు పొద్దుమూకితే పాడుత, నువ్వు ఇను అన్నడు."

"మరి ఇన్నవా?"

"మనింట్ల రేడియో ఏడిది? కంపెనీ క్లబ్బుల ఉండె. గోడ బయట నిలబడ్డ. లోపల మొగోళ్ళంత లొల్లి. ఫౌజులొస్తున్నయని, గిదైతదని, గదైతదని. రేడియో గుర్రు గుర్రు అన్నది. గందుట్లకెల్లి ఏదో పాట అచ్చినట్టనిపిచ్చింది. ఆయనదో కాదో తెల్వలే. పాడిండో లేదో తెల్వలే. తెల్లారి నుంచి రైళ్ళు లేవు, ఖబర్లు లేవు. అంతే."

ఆమె కళ్ళల్లో నీళ్ళు లేవు. మిషను చక్రం మీద చెయ్యి పెట్టి, తిప్పకుండా అలాగే పట్టుకుంది.

"ఆయన అస్తడు బిడ్డా. అచ్చి, గడపల నిలబడి, మొదలు ఆ మాటనే అడుగుతడు. ఇన్నవా జైనబ్ అంటడు. నేనేం చెప్పాలె? ఏండ్ల సంది ఆ జవాబు నోట్లనే పెట్టుకున్న. ఇన్న, మొత్తం ఇన్న. ఆ దినం తెర మీద పిల్లను వాడు అడుగంగనే నా నోట్లకెల్లి అదే అచ్చింది. ఆ పిల్ల ఏమన్నదో నాకు ఇనబడనే లేదు. ఇంటికి పోయినంక ఎరుకైంది, ఆ పిల్ల మాట గాదు, నా మాట చెప్పిన్నని."

ఆమెను ఓదార్చాలనుకుని, ఆ వయసుకు తోచిన మాట అన్నాను. "సినిమాల మాటనే మంచిగున్నది ఖాలా. ఇనలేదు, ఇప్పుడు నా ముంగట పాడు అనుడు. అది అబద్ధం గూడ గాదు."

ఖాలా నా ముఖం చూసింది. కోపం లేదు, నవ్వూ లేదు.

"గట్ల అనాలంటే, ఆయన ముంగట ఉండాలె గద బిడ్డా."

ఆ తరువాత ఆమె డేరాకు రావటం మానేసింది. సినిమాలు వస్తూనే ఉన్నాయి. ఆడవాళ్ళు వెళ్ళి, తెర మీద ఎవరు ఎందుకు ఏడుస్తున్నారో తెలియక, ఒకరి ముఖాలు ఒకరు చూసుకుని వచ్చేవారు. నల్లా దగ్గర మాటలు కూడా తగ్గాయి. చూసింది అర్థం కానప్పుడు మంచిదని గాని చెడ్డదని గాని ఏమనగలరు? చివరకు మా అవ్వే వెళ్ళి ఆమె చెయ్యి పట్టుకుని తీసుకొచ్చింది. ఆ రోజు ఖాలా మా మధ్య కూర్చుని, గొంతులు మార్చకుండా, తీర్పు చదివినట్టు చెప్పింది. "ఆమె రానన్నది. ఈయన సరే అన్నడు. ఆమె తండ్రి చచ్చిపోయిండట." ఒక్క మాట ఎక్కువ లేదు, తక్కువ లేదు. బయటకు వస్తుంటే మల్లక్క నిట్టూర్చింది. "గిట్ల చెప్తే ఇంక సినిమా ఏమున్నది, జైనబీ?" అది క్షమాపణే అని ఇప్పుడు నాకు తెలుస్తుంది. అప్పటికి ఆలస్యమైపోయింది. ఖాలా మళ్ళీ ఎన్నడూ గొంతు మార్చి చెప్పలేదు. కొన్నాళ్ళకు డేరా కూడా ఎత్తేశారు.

ఆమె నాకు మాత్రం ఆ సినిమాల భాష నేర్పింది. సాయంత్రాలు గుండీలు కుట్టిస్తూ, ఒక్కో మాటకు ఎన్ని అర్థాలున్నాయో చెప్పేది. "మాట దాటించుడు అల్కగ దీసుకోకు. మనిషిని ఏరు దాటించినట్టే" అనేది. ఆ భాష వచ్చినందువల్లనే తరువాత నాకు నర్సు పని దొరికిందని నా నమ్మకం. ఆస్పత్రిలో డాక్టర్లు ఉత్తరాది వాళ్ళు. వచ్చే రోగులు మా లైనుల వాళ్ళు. మధ్యలో నేను. బాయిలో పైకప్పు కూలి మనుషులు వచ్చిన రోజుల్లో, బయట వరండాలో ఎదురుచూసే ఆడవాళ్ళకు లోపలి మాట మోసుకుపోవలసింది నేనే.

ఖాలా కూడా చివరకు అదే ఆస్పత్రికి వచ్చింది. ఊపిరితిత్తులు పాడయ్యాయి. డాక్టరు ఆమె మంచం పక్కన నిలబడి, ఈమెకు ఇక వారాలే ఉన్నాయి, ఇంటివాళ్ళకు చెప్పు అని నాతో తన భాషలో అన్నాడు. ముసలావిడకు అర్థం కాదనుకున్నాడు. ఆమె కళ్ళు మూసుకుని అంతా విన్నది. ఆయన వెళ్ళాక, "ఏమన్నడే?" అని నన్ను అడిగింది, తనకు ఏమీ తెలియనట్టు.

మార్చి చెప్పాలనిపించింది. ఆమె మంచం పట్టీ మీద చెయ్యి పెట్టి ఎదురుచూస్తోంది. ఉన్నది ఉన్నట్టు చెప్పాను.

"నువ్వు మార్చలే" అంది. సంతోషమో బాధో తెలియని గొంతు. మళ్ళీ అంది. "గదే మంచిగ. నా తీరు నేర్వకు. ఒక్కపారి మార్చినంక ఎవలూ నమ్మరు, ఆఖరుకు మనకు మనమే నమ్మం."

ఆమె ఆ చలికాలం దాటలేదు. యూసుఫ్ చాచా రాలేదు. ఆయన గురించి ఆ తరువాత కూడా ఎవరికీ ఏమీ తెలియలేదు. ఖబరస్తానుకు ఆడవాళ్ళు పోకూడదు గనక మేము రోడ్డు మీదే నిలబడ్డాము. మల్లక్క కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది.

నేను పని మానేసేదాకా ఆస్పత్రిలో ఎన్ని చేదు మాటలు మోశానో లెక్క లేదు. ఒక్కటి కూడా మార్చలేదు. కానీ చెప్పగానే లేచి వెళ్ళటం నాకు చేతకాలేదు. మాట విన్న మనిషి ఏదో ఒకటి అంటుంది. పొద్దున గంజి తాగకుండ పోయిండు అంటుంది. కొత్త చెప్పులు కొనుక్కున్నడు, ఇంకా తొడుగనే లేదు అంటుంది. డాక్టరు దూరం నుంచి, ఏమంటోంది అని అడిగేవాడు. ఏమీ లేదు సార్ అనేదాన్ని. ఆ మాటలు ఆయనకు చేరవలసినవి కావు. అవి ఇంకా నా దగ్గరే ఉన్నాయి, ఏ భాషలోకీ దాటించకుండా.