డబుల్ సవారీ

మొన్న పొద్దున టీ తాగుతుండగా మా కోడలి ఫోన్ టింగుమంది. చలానా. పురానాపూల్ చౌరస్తాలో, బండి వెనక కూర్చున్న మనిషికి హెల్మెట్ లేదని కెమెరా ఫొటో తీసి మరీ పంపింది. మావాడు తల పట్టుకున్నాడు, కోడలు నాలుక కరుచుకుంది, నేను మాత్రం కళ్లజోడు తుడుచుకుని ఆ ఫొటో వంకే చూస్తూ కూర్చున్నాను. అందులో మావాడు బండి నడుపుతూ ఏదో చెబుతున్నాడు, కోడలు పిల్ల వాడి భుజం మీద గడ్డం ఆనించి పళ్లన్నీ కనబడేలా నవ్వుతోంది. ఈ వయసులో, అదీ సొంత కోడలి మీద, చెప్పుకుంటే సిగ్గుచేటు గానీ నాకు కుళ్లు పుట్టింది. అది ఇవాళ్టి కుళ్లు కూడా కాదు.

మా కాలంవాళ్లకు గుర్తుండే ఉంటుంది, సైకిల్ మీద ఇద్దరు ఎక్కడం అప్పట్లో నేరం. డబుల్ సవారీ అనేవాళ్లం. చౌరస్తా మధ్య దిమ్మె మీద, గొడుగు కింద నిలబడ్డ కానిస్టేబుల్ ఈల వేశాడంటే దిగాల్సిందే. ఆయన తీరిగ్గా వంగి చక్రంలో గాలి తీసేసి, ఇక నడుచుకుంటూ పొమ్మనేవాడు. జనం మాత్రం తక్కువ తిన్నారా? చౌరస్తాకు పది గజాల ముందే వెనకవాళ్లు దిగి, ఏమీ ఎరగనట్టు పోలీసు ముందు నుంచే నడిచి, అవతల మళ్లీ ఎక్కి కూర్చునేవాళ్లు. ఆ సంగతి ఆయనకూ తెలుసు, వీళ్లకూ తెలుసు.

ఊరందరికీ అలా గడిచిపోయేది, ఒక్క మావారికి తప్ప. ఆయన సర్కారు కచేరీలో గుమాస్తా. చట్టం, కానూను అంటే ఆయనకు ఇలవేల్పు కింద లెక్క. పెళ్లయి పురానాపూల్ దగ్గరి రెండు గదుల వాటాలోకి వచ్చిన కొత్తలో నాకున్న కోరికల్లా ఒక్కటే, ఆయన సైకిల్ వెనక కూర్చుని లాడ్ బజార్ దాకా పోయి గాజులు వేయించుకోవాలని. నగలడిగానా, చీరలడిగానా? అడిగినప్పుడల్లా ఆయన చూద్దాంలే అనేవారు.

పక్క వాటాలో భాయ్ ఉండేవాడు, లాడ్ బజార్‌లో లక్కగాజులకు రాళ్లు అద్దే పని ఆయనది. వాళ్లావిడను నేను ఆపా అని, అంటే అక్కా అని పిలిచినా, నాకంటే ఏడాదో రెండేళ్లో పెద్దదేమో, అంతే. ప్రతి శుక్రవారం సాయంత్రం ఆపా బురఖా అంచు ఒళ్లోకి లాక్కుని, ఒక పక్కకు తిరిగి కారియర్ మీద రాణిలా కూర్చునేది. వారం వారం పట్టుబడేవాళ్లు. వారం వారం గాలి లేని సైకిల్ నడిపించుకుంటూ ఇద్దరూ ఏవో ముచ్చట్లు చెప్పుకుంటూ గల్లీలోకి వచ్చేవాళ్లు. "హవాచ్ తో నికాల్తే, జాన్ తో నై నికాల్తే" అని భాయ్ నవ్వేవాడు. గాలే కదా తీసేది, ప్రాణం కాదు కదా అని. ఒకనాడు కిటికీలోంచి చూస్తుంటే నా కంట పడింది, వాళ్ల సైకిల్ కడ్డీకి గాలి కొట్టే పంపు తగిలించే ఉంది. అది ఎప్పుడూ అక్కడే ఉండేది, నేనే గమనించలేదు! రెండు నిమిషాల్లో గాలి కొట్టుకుని ఎక్కి రాగలిగినవాళ్లు, కావాలనే నడిచి వస్తున్నారన్నమాట. ఆ రాత్రి నాకు అన్నం సయించలేదు.

తెల్లారి నేను మొండికేశాను. ఆ పై శుక్రవారానికి మావారు ఎట్టకేలకు ఒప్పుకున్నారు, పోలీసు కనబడితే వెంటనే దిగాలన్న షరతు మీద. నేను పసుపు చీర కట్టుకుని, కారియర్ మీద తువ్వాలు మడిచి వేసుకుని కూర్చున్నాను. బండి గల్లీ మలుపు తిరిగిందో లేదో, ఎదురుగా ఖాకీ బట్టలు కనబడ్డాయి. ఆయన బ్రేకు నొక్కి, దిగు దిగు అన్న కేకకు నేను దూకితే చెప్పు తెగింది. తీరా చూస్తే వచ్చినవాడు మా పోస్ట్‌మ్యాన్! నమస్తే సార్ అంటూ నవ్వుకుంటూ పోయాడు. ఇక ఆయన ఎక్కనివ్వలేదు. లాడ్ బజార్ దాకా చెప్పు చేత్తో పట్టుకుని నడిచాను. అక్కడ చౌరస్తాలో భాయ్, ఆపా పట్టుబడి నిలబడి ఉన్నారు. నన్ను చూసి ఆపా నవ్వుతూ చెయ్యి ఊపింది. గాజులూ వద్దు, ఏమీ వద్దని వెనక్కి తిరిగాను.

"ఏమైతుండెనండి, గాలే కదా తీస్తడు?" అన్నాను ఇంటికొచ్చి, ఏడుపు ఆపుకోలేక.

"కచేరీల తెలిస్తే నా ఇజ్జత్ ఏం గావాలె?" అన్నారాయన.

ఆ తర్వాత మళ్లీ అడగలేదు. డబుల్ సవారీని పట్టుకోవడం ఎప్పుడు మానేశారో మాకు తెలియనే లేదు, అప్పటికి సైకిల్ అమ్మేసి బస్సుల్లో పడ్డాం. స్కూటర్ ఆయన నేర్చుకోనేలేదు. ఇప్పుడు దిమ్మె లేదు, గొడుగు లేదు, పది గజాల ముందు దిగి బుకాయించే వీలూ లేదు. స్తంభం మీది కన్ను ఎప్పుడు చూస్తుందో ఎవరికీ తెలియదు. తప్పుకు ఫైనూ పడాల్సిందే, హెల్మెట్ పెట్టుకోవాల్సిందే, కాదనను. కానీ గాలి తీసి నడిపించిన ఆ రోజుల్లో ఎవరి దగ్గరా గుర్తుగా ఏమీ మిగల్లేదు, ఈ కెమెరా ఫైను వేస్తూనే ఒక ఫొటో చేతిలో పెట్టి పోతోంది.

కోడలు ఫైను కట్టేసి ఆ మెసేజ్ తీసేయబోతుంటే, ఉండనీవే, ఫొటో బాగుంది అన్నాను. ఆ పిల్ల నన్ను వింతగా చూసింది. పడక్కుర్చీలోని మావారు ఫోన్ అడిగి తీసుకుని, దూరంగా పెట్టుకుని చలానా అక్షరం అక్షరం చదివారు.

"సూడుర్రి," అన్నారు కొడుకుతో, కోడలితో, గర్వంగా. "మీ అమ్మను నన్ను జిందగీల ఒక్కసారి గూడ ఎవ్వరు పట్టుకోలే."

నిజమే. ఒక్కసారి కూడా పట్టుకోలేదు.