పాతికవేల వోల్టుల సింహాచలమ్మ

ఝపటాపూర్‌ అనేది బెంగాల్లో ఒక రైల్వే ఊళ్లో తెలుగువాళ్లుండే పేట. అక్కడ మా వీధి చివరి ఇల్లు సింహాచలమ్మది. ఆవిడకు లోకంలో రెండే జాతులు: భయపడేవాళ్లు, తను. వానకు గొడుగు వేసుకునేవాళ్లంటే చులకన. బస్సులో కడ్డీ పట్టుకుని నిలబడేవాళ్లంటే చులకన. నీళ్లు కాచి చల్లార్చుకుని తాగేవాళ్లంటే మరీ చులకన. ఇక కరెంటుకు భయపడేవాళ్లను ఆవిడ మనుషుల్లో లెక్క వేసేదే కాదు.

దానికో కారణం ఉంది. ఆమె భర్త ఎర్రయ్య రైలు పట్టాల మీద వేలాడే కరెంటు తీగలు బాగుచేసే గ్యాంగులో పనిచేశాడు. ఆ తీగల్లో పారేది పాతికవేల వోల్టులు. ఇళ్లలోకి వచ్చేది రెండొందల ముప్పై. ఎర్రయ్య కామెర్లతో పోయాక ఆయన పింఛనూ, ఆ పాతికవేల వోల్టుల గొప్పా రెండూ ఆవిడకే సంక్రమించాయి. పింఛను నెలకోసారి వచ్చేది. గొప్ప రోజూ వచ్చేది.

"మావోడు పాతికేల ఓల్టుల తీగ సేత్తో అట్టుకున్నాడు. ఈ ఇంటి కరెంటు ఓ కరెంటేటి? సీమ కుట్టినట్టుంటాది," అనేది.

అన్నట్టే ఇల్లు పెట్టుకుంది. ఫ్యూజు పోయినప్పుడల్లా ముందుదానికంటే లావుపాటి రాగితీగ చుట్టింది. తీగ తెగిందంటే అది చేతకాని తీగ అని ఆవిడ తీర్పు. నీళ్ల మోటారు ప్లగ్గుకు మూడు కాళ్లు, పెరటి గోడ సాకెట్టుకు రెండే చిల్లులు. ఎర్తు కోసం ఉండే లావుపాటి మూడో కాలును పటకారుతో పీకి పారేసింది. మెయిను స్విచ్చి పిడికి ఉల్లిపాయల సంచి తగిలించింది.

మేమేం తక్కువ తినలేదు. ఆవిడ మాటలకు నవ్వాం, ఆవిడలాగే బతికాం. అందరికంటే ముందుండేవాడు పక్కింటి బుజ్జిబాబు. వర్క్‌షాపు స్టోర్సులో గుమాస్తా. ఒక్క సాకెట్టుకు ప్లగ్గు మీద ప్లగ్గు గుచ్చి ఫ్రిజ్జూ, మిక్సీ, ఇస్త్రీపెట్టే దానికే తగిలించేవాడు. సాకెట్టు నల్లబడితే దాని మీద క్యాలెండరు వేలాడదీశాడు. ఈ తెలివికి సింహాచలమ్మ అతన్ని మెచ్చుకుంది కూడా.

అలాంటి వీధిలోకి ప్రణతి అద్దెకు వచ్చింది. కరీంనగర్ వైపు పిల్ల, ఊరి చివర ఇంజినీరింగు సంస్థ లైబ్రరీలో ఉద్యోగం. సింహాచలమ్మ ఇంటి ముందుగది తీసుకుంది. వచ్చిన కొద్దిరోజులకే వచ్చి చెప్పింది.

"ఆంటీ, మోటారు నడుస్తున్నప్పుడు నల్లా పట్టుకుంటే చెయ్యి జిల్లుమంటున్నది."

"నల్లా ఏటే? కుళాయి అనలేవా?"

"పేరేదైతే ఏంది, షాక్ కొడుతున్నది. మోటారుకు ఎర్త్ లేదు. ఇనుప గొట్టంలకెల్లి కరెంటు వస్తున్నది. ఒకసారి మిస్త్రీని పిలిపించుండ్రి."

సింహాచలమ్మ వీధంతా వినేలా గొంతెత్తింది. "ఓలమ్మో, ఇన్నారర్రా! సదువుకున్న గుంట కుళాయికి జడుసుకుంటంది!"

గోడ అవతల బుజ్జిబాబు పళ్లన్నీ కనబడేలా నవ్వాడు. ఆవిడ ప్రణతి వైపు తిరిగింది. "రబ్బరు సెప్పులేసుకుని తానం సెయ్యి. నేదంటే తానమే మానీ."

ప్రణతి టెస్టరు కొనుక్కొచ్చి, మోటారు నడుస్తుండగా కుళాయికి ఆనించి చూపించింది. టెస్టరులో ఎర్రటి వెలుగు. సింహాచలమ్మ వంగి చూసి, "దీపం బాగున్నాది. దీపావళికి దాసుకో," అని లోపలికి పోయింది. ఆ పిల్ల మళ్లీ వాదించలేదు. మోటారు ఆగాకే బక్కెట్టు నింపుకునేది. ఏ స్విచ్చి ఎక్కడుందో, మెయిను ఎక్కడుందో మాత్రం చూసి పెట్టుకుంది.

శ్రావణంలో ఒక ఆదివారం పొద్దున వాన వెలిసింది. పెరడంతా చిత్తడి. సింహాచలమ్మ మోటారు వేసింది. అది గుర్రుమంటోందే గాని నీళ్లెత్తడం లేదు. ఆవిడ ఉత్తికాళ్లతో బురదలోకి దిగి, దాన్ని నాలుగు తిట్టి, మొండిగేదె కొమ్ము పట్టుకున్నట్టు గొట్టం పట్టుకుంది.

ఆ తర్వాత జరిగింది మా డాబా మీంచి కళ్లారా చూశాను. గొట్టం మీద ఆమె వేళ్లు బిగుసుకుపోయాయి. మెడ వెనక్కి విరుచుకుపోయింది. నోరు తెరుచుకునే ఉంది, అరుపు మాత్రం లేదు.

బుజ్జిబాబు గోడ దూకి, "పిన్నీ!" అంటూ చెయ్యి చాపి పరిగెత్తాడు.

"ముట్టకు!" వరండాలోంచి ప్రణతి కేక. "ముట్టకు అన్నా! ముట్టుకుంటే నువ్వు గూడా పోతవ్!"

అతను చాపిన చెయ్యి చాపినట్టే ఆగిపోయాడు. ప్రణతి పెరట్లోకి రాలేదు. మెయిను దగ్గరికి ఉరికింది. సంచి లాగి పడేసింది. ఉల్లిపాయలు వరండా అంతా దొర్లాయి. పిడి తుప్పు పట్టి కదల్లేదు. రెండు చేతులతో పట్టుకుని ఒళ్లంతా బరువు వేసి వేలాడింది. టక్కున దిగింది. మోటారు ఆగింది. సింహాచలమ్మ బురదలో కూలిపోయింది.

అప్పుడు దిగింది ప్రణతి పెరట్లోకి. ముక్కు దగ్గర చెంప పెట్టి చూసింది. ఊపిరి ఉంది. మెల్లగా పక్కకు తిప్పి పడుకోబెట్టి, "అన్నా, నిలబడి ఏం చూస్తున్నవ్? టోటో రిక్షా పిలువు," అంది. బుజ్జిబాబుకు అప్పుడు కాళ్లొచ్చాయి.

మెయిను దిగకపోయుంటే ఏం చేసేదానివని తర్వాత అడిగాను. పొడి కర్రపీటతో ఆవిడ చేతిని గొట్టం మీంచి నెట్టేదాన్నని చెప్పింది. దానికైనా ముందు తన కాళ్ల కింద ఆరిన చెక్క ఏదైనా వేసుకోవాలంది.

ఆస్పత్రిలో ఆమె అరచేతికి కట్టు కట్టారు. కరెంటు తగిలిన గుండె కొన్ని గంటల తర్వాత కూడా గాడి తప్పవచ్చని, ఛాతీకి తీగలు అంటించి ఒక రోజు ఉంచుకుంటామన్నాడు డాక్టరు. "కుఛ్ నహీ హువా," అని ఆవిడ మంచం దిగబోయింది. ఆ బెంగాలీ డాక్టరు ఇలాంటి వీరుల్ని చాలామందిని చూసినట్టున్నాడు, నర్సుకు సైగ చేసి వెళ్లిపోయాడు.

సాయంత్రం ఎర్రయ్యతో పాటు గ్యాంగులో పనిచేసిన అప్పలకొండ చూడటానికి వచ్చాడు.

"ఏటయ్యిందొదినా?"

"ఏటీ నేదు. బుల్లి కరెంటు. మీ అన్న పాతికేల ఓల్టుల తీగ సేత్తో..."

ఈ మాట అప్పలకొండ ఎన్నిసార్లు విన్నాడో లెక్కలేదు. ఎప్పుడూ తల ఊపేవాడు. ఆ రోజు ఊపలేదు.

"ఆగొదినా. అట్టుకున్నాడు, నాను కాదన్ను. ఎప్పుడట్టుకున్నాడు? లైన్లో కరెంటు ఆపినామని కాయితం సేతికొచ్చినాక. అప్పుడు గూడా నమ్మీవోడు కాదు. ఇటో ఎర్తు రాడ్డు, అటో ఎర్తు రాడ్డు తగిలించి, ఆటి మద్దిన పనిసేసీవోడు. ఓపాలి కొత్తోడొకడు రాడ్డెయ్యకుండా నిచ్చెన మీద కాలెడితే, ఆ కాలట్టుకుని కిందకి లాగీసినాడు. ఆడి పళ్లూడిపోనాయి. ఎర్రయ్యన్న సర్వీసంతా జడుసుకునే పని సేసినాడొదినా. అందుకే తీగ మీద పోనేదు, మంచం మీద పోనాడు."

సింహాచలమ్మ గోడవైపు తిరిగి పడుకుంది. ఎవరేమన్నా ఒకటికి పది అనే మనిషి అలా తిరిగి పడుకునేసరికి అప్పలకొండకు భయం వేసి నర్సును పిలిచాడు.

గోడవైపు తిరిగి ఆమె ఏమనుకుందో నాకు తెలియదు. అన్నేళ్లూ మొగుడి దగ్గర గొప్ప ఒక్కటే తీసుకుని, ఆయన జాగ్రత్తను అక్కడే వదిలేశానని అనిపించి ఉండాలి. ఇంటికొచ్చాక ప్రణతికి కృతజ్ఞత చెబుతుందేమోనని మేం ఎదురుచూశాం. కట్టున్న చెయ్యి ఆ పిల్ల మొహం ముందు ఊపి, "ఇంత తెలిసినదానివి, నన్ను నాలుగు తన్ని ఆ మోటారు బాగుసేయించనేకపోనావా? దీపం సూపించి ఊరుకున్నావేటే?" అని కసిరింది. ప్రణతి నవ్వి, మిస్త్రీ నంబరు ఇచ్చింది.

దీంతో ఆవిడ మెత్తబడిందనుకుంటే పొరపాటు. చులకన పిసరంత కూడా తగ్గలేదు. ఇన్నాళ్లూ భయపడేవాళ్ల మీదుండేది, ఇప్పుడు భయపడని వాళ్ల మీదికి మళ్లింది.

మొదట దొరికినవాడు ఊళ్లోనే ఖరిదా అనే పేట నుంచి వచ్చిన మిస్త్రీ. ఎర్తు కోసం మోకాలు లోతు తవ్వి, "ఠీక్ హై, మాసీమా, హో గయా," అన్నాడు, బెంగాలీలో పిన్నీ అని పిలుస్తూ.

"ఏటి ఠీక్ హై? ఇది గొయ్యా, ఉప్పు బరిణా? తవ్వు!"

తవ్వించింది. బొగ్గూ ఉప్పూ దగ్గరుండి పోయించింది. మోటారు లోపల చర్మం ఊడిన తీగ మార్పించి, మూడు చిల్లుల సాకెట్టు పెట్టించి, ఫ్యూజుల్లో కొలత ప్రకారం తీగ వేయించింది. కరెంటు దారి తప్పి మనిషిలోకి పోతే రెప్పపాటులో తనంతట తానే పడిపోయే మీట ఒకటి మెయిను పక్కన పెట్టించింది. దాన్ని పరీక్షించే బొత్తాన్ని నెలనెలా నొక్కుతుంది. ఇంట్లో ఎవరేం చేసుకుంటున్నారో చూడదు. ప్రణతి కంప్యూటరు రెండుసార్లు ఆరిపోయింది.

తర్వాత వీధి మీద పడింది. పిలవకుండా ఇళ్లలోకి వచ్చి స్విచ్చిబోర్డులు చూసేది. తడిచేత్తో స్విచ్చి వేస్తే చేతి మీద కొట్టేది. బుజ్జిబాబు క్యాలెండరు ఎత్తి చూసి, "ఈ నలుపు నీ మొకానికి రాసుకో. రేపోమాపో అంటుకుంటాది," అంది.

"నువ్వే కదా పిన్నీ, బాగున్నాదన్నావు."

"నాను గాడిదని. నీకు బుద్ధి నేదా?"

అతను నవ్వేసి క్యాలెండరు మళ్లీ తగిలించాడు.

దసరా పూజల సెలవుల్లో ఒక మధ్యాహ్నం ఆ క్యాలెండరే అంటుకుంది. వంటింట్లోంచి పొగ, రబ్బరు కాలిన కంపు. బుజ్జిబాబు పిల్లల్ని బయటికి తోసి, బక్కెట్టుతో నీళ్లు తీసుకుని లోపలికి ఉరికాడు. గుమ్మంలో సింహాచలమ్మ ఎదురై ఆ బక్కెట్టును కాలితో తన్నింది. నీళ్లన్నీ అతని మీదే పడ్డాయి.

"మెయిను ఆపినావా?"

"నేదు..."

"మరి నీళ్లెట్టుకుని ఎవుడి పిండానికెల్తున్నావురా?"

మెయిను ఆవిడే దించింది. వీధిలో ఎవరో ఇల్లు కట్టుకోడానికి పోయించిన ఇసుక ఉంది. మేమంతా తట్టలతో మోశాం. బోర్డు మీద చిమ్మితే మంట చచ్చింది. గోడ ఒక నిలువు మసిబారింది. ఫ్రిజ్జు పోయింది. మనుషులకేం కాలేదు. బుజ్జిబాబు తడిసిన బట్టలతోనే ఆమె కాళ్లకు దణ్ణం పెట్టబోతే, "ముందు ఆరిన బట్ట కట్టుకో, ఎదవా," అని పక్కకు జరిగింది.

మర్నాడే అతను ఇల్లంతా వైరింగు మార్పించడం మొదలుపెట్టాడు. సింహాచలమ్మ కుర్చీ తెచ్చుకుని వాళ్ల గుమ్మంలో కూర్చుంది. ఇప్పుడు ఖరిదా మిస్త్రీ మా వీధికి రావాలంటే, ఆవిడ ఊళ్లో ఉందో లేదో ముందు ఫోను చేసి కనుక్కుంటాడు.