వేలు ఆగిన చోటు

ఆ అమ్మాయి ఏది చదివినా వేలు పెట్టి చదివేది, సిమెంటు బస్తా మీది అక్షరాలైనా సరే. హైటెక్ సిటీ కడుతున్న రోజుల్లో, కూలిపని నుంచి తప్పించిన పిల్లల వసతి గృహానికి నేను వార్డెన్‌ని. ఆమెకు చదువు నేర్పింది నేనే.

ఆమెను పనిలో పెట్టిన మేనమామే ఒకరోజు తీసుకెళ్తానని వచ్చాడు. పిల్లల్ని ఇంటికి పంపే కాగితంలో, వాళ్ళని అడిగి రాయాల్సిన గడిని నేను ఎప్పుడూ ముందే నింపి ఉంచేవాణ్ణి. సంతకం కోసం కాగితం ఇస్తే, ఆమె వేలు అక్కడే ఆగింది.

"'ఇష్టంతోనే వెళ్తున్నాను.' గిట్లని నేనెప్పుడు చెప్పిన సార్?"

"అందరికీ అదే రాస్తామమ్మా."

ఆమె గుండ్రటి అక్షరాలతో తప్పు లేకుండా సంతకం పెట్టింది.

అలవాటుకొద్దీ, "బాగా రాశావు" అన్నాను.